ఊపిరి బిగబట్టిన ఊరు

కిందటి వారం కత్తెరమ్మను మనం పంచాయతీ ఆఫీసు వెనక, కొలత బోరు పక్కన, నిలబెట్టి వచ్చేశాం. ఊరి కుళాయిల్లో నెలల తరబడి నీళ్ళకు బదులు గాలి బుసకొడుతోంది. ఊరి చివర నీళ్ళ సీసాలు నింపే కంపెనీ మాత్రం ఇంకో నాలుగు బోర్లు వేసుకుంటానంటోంది. వేసుకోవచ్చో లేదో తేల్చే సభ రేపు పొద్దున. నేలకింద నీళ్ళు బాగా ఉన్నాయని కొలత వస్తే అనుమతి ఇవ్వక తప్పదు. అదీ ఒకటి రెండేళ్ళకు కాదు, ఇప్పుడు బడికెళ్తున్న పిల్లలు తమ పిల్లల్ని ఎత్తుకునేదాకా. అందుకే ఊరంతా చుట్టూ మూగి చూస్తుండగా సర్కారు ఆఫీసు నుంచి వచ్చిన కొలతల మేడమ్ బోరు ఇనప మూత తాళం తీసి, టేపు లోపలికి వదిలింది. టేపు చివర ఉన్న గుండు నీళ్ళను తాకితే కీచుమంటుంది. ఎక్కడో పాతాళంలో కీచుమనాల్సింది, ఇలా వదిలారో లేదో అలా అరిచింది. "నీళ్ళు బాగానే ఉన్నాయండీ" అంది మేడమ్.

బాగానే ఉన్నాయట. ఇంట్లో తాగడానికి లేనివాళ్ళను నిలబెట్టి చెప్పిన మాట అది.

జనం ఒక్కొక్కరే కదిలారు. పోతూ పోతూ ఆవిడకు వినపడేలాగే అనుకున్నారు. కంపెనీ కార్లో దిగిందన్నాడొకడు. ఆవిడ బస్సు దిగి ఎండలో నడిచి రావడం వాడు కళ్ళారా చూశాడు, అయినా అన్నాడు. కడుపు మండినవాడికి సాక్ష్యాలతో పనేముంది? నిమ్మతోట ముసలాయన మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. బోరు గొట్టంలోకి వంగి ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. రెండు రోజులుగా ఆయన తోటకు తడి లేదు. పిందెలు రాలుతున్నాయి.

కత్తెరమ్మ కదల్లేదు. ఆవిడ ఈ ఊరి టైలరు, ఈ ఊరి ప్రెసిడెంటు కూడా. ఓట్లేసి గెలిపించినా ఎవరూ పిలుపు మార్చలేదు, ఆవిడా మెళ్ళో కొలత టేపు తియ్యలేదు. ఆఫీసుకు వచ్చినా అది మెళ్ళోనే ఉంటుంది.

"మేడమ్, ఒక మాటడుగుతాను, ఏమీ అనుకోకండి. అనుకున్నా పర్వాలేదు" అంది. "మా కుళాయి తిప్పితే గాలొస్తోంది. మా చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. మీ టేపుకి మాత్రం నీళ్ళు ఎదురొచ్చి మరీ తగుల్తున్నాయి. ఆ టేపేదో మాకిచ్చి పోండి, రోజూ కుళాయి దగ్గర పెట్టుకుంటాం."

మేడమ్‌కు కోపం రాలేదు. ఇలాంటి మాటలు ఊరూరా వినీ వినీ చెవులు కాయలు కాచిన మనిషి. తడి టేపును గుడ్డతో తుడుచుకుంటూ చుట్టుకుంటోంది.

"నా టేపు నీళ్ళు ఎక్కడుంటే అక్కడే అరుస్తుందమ్మా. నన్ను తిట్టండి, దాన్ని తిట్టకండి. అయినా మీ ఊళ్ళో తిట్లు కూడా హాయిగా వినపడతాయి. మిగతా ఊళ్ళల్లో మోటార్లు, ఇంజన్ల మోతలో ఎవరేమంటున్నారో కూడా తెలీదు. ఇక్కడ ఎప్పుడొచ్చినా ఒక్క మోటారు చప్పుడుండదు."

"ఎందుకుంటుంది? మీరొస్తున్నారనేగా కట్టేశాం."

టేపు చుడుతున్న చెయ్యి ఆగింది.

"ఏం కట్టేశారు?"

"మోటార్లండీ. రెండు రోజులైంది. మీరొచ్చే ముందు ఎప్పుడూ అంతేగా. నీళ్ళు కదులుతుంటే కొలత తప్పొస్తుందనీ, నిలకడగా ఉండాలనీ మీ ఆఫీసేగా చెప్పింది."

"మా ఆఫీసా? ఎవరు చెప్పారమ్మా మీకు?"

ఊరికి చెప్పింది కత్తెరమ్మే. మొన్న ఆఫీసు మైకులో తన నోటితో తనే చదివింది. చదువుతుండగా బట్ట పోగేదో గొంతులో పడి దగ్గొస్తే, "క్షమించండి" అని, మళ్ళీ మొదటి వాక్యం నుంచి అందుకుంది కూడా. ఆ కాగితం చేతికిచ్చింది బావ, అక్క మొగుడు. గుమ్మంలో నిలబడి, మరదలు మైకులో మాట్లాడుతుంటే మురిసిపోతూ ఫోను పైకెత్తి పట్టుకుని, మొత్తం రికార్డు చేసుకున్నాడు. "మీ అక్కకి వినిపిస్తాను" అన్నాడు.

చదివేటప్పుడు ఆవిడకు ఆ మాటలో ఏ తప్పూ కనిపించలేదు. తెల్లారి లేస్తే పదిమందికి చెప్పే మాటే అది. కదలకుండా నిలబడండి, కదిలితే కొలత తప్పుతుంది. మనిషికైతే అంతే, నీళ్ళకైనా అంతేగా అనుకుంది. ఊరూ అలాగే అనుకుంది. కొలతలు తెలిసిన మనిషి చెప్తోంది కదా అని అందరూ తలూపారు.

"అమ్మా, ఇలా వినండి" అంది మేడమ్. గొంతు మారింది. "రోజూ నడిచేవి నడుస్తుండగానే కొలవాలి. అప్పుడే మీరు వాడుకోగా ఎంత మిగిలిందో తెలిసేది. రెండు రోజులు అందరూ ఆపేస్తే నాలుగు పక్కల నుంచీ ఊట చేరి నీళ్ళు పైకొస్తాయి. మళ్ళీ మోటార్లు వేసిన పూటే దిగిపోతాయి. మీరు నాకు చూపించింది ఆ పైకొచ్చిన నీళ్ళు. కంపెనీ వాళ్ళు కూడా ఆపారా?"

"సర్వీసింగని గేటు మూసేశారు. మనకోసం వాళ్ళూ ఆపారు, పాపం మంచోళ్ళే అనుకున్నాం."

పాపం మంచోళ్ళే. ఆ మాట అన్న నాలుకను కొరుక్కోవాలనిపించింది కత్తెరమ్మకు. ఆవిడ కొట్టుకు వచ్చే మగవాళ్ళు కొందరుంటారు. నడుముకు టేపు చుట్టగానే పొట్ట లోపలికి పీల్చి ఊపిరి బిగబడతారు. ఆ కొలతకు కుట్టి ఇస్తే ఇంటికెళ్ళి అన్నం తిన్నాక బొత్తాం పట్టదు. ఎన్నిసార్లు నవ్వుకుందో వాళ్ళను చూసి. ఇప్పుడు ఊరి చేత ఊరే ఊపిరి బిగబట్టించి, కొలత ఇప్పించి, "చూశారా, ఎంత నాజూగ్గా ఉందో" అని కంపెనీకి పత్రం రాయించింది తను. నోరెండినా, తోటలెండినా, కొలత సరిగ్గా రావాలని రెండు రోజులు ఓర్చుకున్నారు జనం. మన వేలితో మన కన్నే పొడిపించడమంటే ఇదే.

"తప్పు నాది కూడా ఉంది" అంది మేడమ్, టేపు సంచిలో పెట్టకుండా చేత్తోనే పట్టుకుని. "చప్పుడు లేకపోతే నా పనీ తొందరగా అయ్యేది. ఎందుకు లేదని నేనూ అడగలేదు. రేపు సభకి ముందు మళ్ళీ కొలుస్తాను. ఇప్పట్నుంచీ పొద్దుటిదాకా మోటార్లన్నీ ఎప్పట్లాగే నడవాలి. నడిస్తే, ఇవాళ్టి కొలత కొట్టేసి రేపటిది రాస్తాను. నడవకపోతే మాత్రం నేనేం చెయ్యలేను. కళ్ళతో చూసిందే రాయాలి."

"నడుస్తాయి" అంది కత్తెరమ్మ.

వీధిలోకి వచ్చేసరికి కాళ్ళు వాటంతటవే వేగం అందుకున్నాయి. నిమ్మతోట గట్టు మీద ముసలాయన రాలిన పిందెలు ఏరి కుప్ప పోస్తున్నాడు. ఎందుకూ పనికిరావని తెలుసు. చెట్టు కింద అలా పడుంటే చూడలేక ఏరుతున్నాడు.

"తాతా, ఇంజను వెయ్యి."

"కొలత అయిపోయినా సభ అయ్యేదాకా ఆపమన్నావుగా?"

"తప్పు చెప్పాను. నన్ను మోసం చేశారు, నేను మిమ్మల్ని చేశాను. అదంతా తర్వాత చెప్తాను. ముందు ఇంజను వెయ్యి. పొద్దుటిదాకా ఆపకు."

ముసలాయన ఆవిడ మొహంలోకి కాసేపు చూశాడు. అరిచినా బాగుండేది. అరవలేదు.

"నీ మాట మీద ఆపాను, నీ మాట మీదే వేస్తాలే" అన్నాడు.

ఆవిడ మలుపు తిరిగేలోగా వెనక డుబుడుబుమంటూ పాత ఇంజను అందుకుంది. ఎన్నోసార్లు విసుక్కున్న చప్పుడే. ఇవాళ అది వింటుంటే ఆవిడకు ధైర్యం వచ్చింది.

బావ ఇంటి ముందు అక్క గొట్టంతో వసారా కడుగుతోంది. నీళ్ళు మెట్ల మీంచి జారి, ముంగిట్లో ఆగి ఉన్న ట్యాంకరు చక్రాల కిందుగా కాలవలోకి పోతున్నాయి. కంపెనీకి ఆ ట్యాంకరు తిప్పేది బావే. కత్తెరమ్మ మెట్టు దగ్గర ఆగిపోయింది. ఊరంతా చెంబుతో కొలుచుకుని తాగుతుంటే ఇక్కడ గచ్చు కడుగుతున్నారు.

"అక్కా, ఈ రెండు రోజుల్లో మీ మోటారు ఆగిందా?"

అక్క తలెత్తి చూసింది. చెయ్యి మాత్రం గొట్టాన్ని పట్టుకునే ఉంది.

"రావమ్మా ప్రెసిడెంటుగారూ" లోపల్నుంచి పిలిచాడు బావ. పడక్కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. "కొలత బ్రహ్మాండంగా వచ్చిందటగా."

"వచ్చింది బావా, అంతా నీ దయ. నేను మైకులో చదివిన కాగితం ఎవరు రాశారు?"

"ఏదో ఆఫీసు కాగితం."

"ఏ ఆఫీసు? కొలతలు తీసే మేడమ్‌కి తెలీని కొలతల ఆఫీసు ఎక్కడుందో చెప్పు, పోయి అడిగొస్తాను."

నీళ్ళు నములుతాడనుకుంది. కనీసం మొహం తిప్పుకుంటాడనుకుంది. చిన్నప్పుడు అమ్మానాన్నా పోతే ఈ ఇంట్లోనే పెరిగింది ఆవిడ. కుట్టు నేర్పించింది ఈ మనిషే. అంతవరకూ ప్రెసిడెంటుగా ఉన్న తను మళ్ళీ పోటీ చెయ్యడానికి వీల్లేదంటే తన బదులు ఆవిడను నిలబెట్టి, ఇల్లిల్లూ తిరిగి గెలిపించిందీ ఈ మనిషే. ఆ మొహంలో తేలు కుట్టిన దొంగ ఒక్క క్షణం కనబడినా చాలు, సగం క్షమించేసేది.

బావ కప్పు కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేనే రాశాను. అయితే?"

ఆ 'అయితే'తో ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే అంటున్నావా? ఊళ్ళో నీళ్ళు లేవు బావా."

"కంపెనీ రాకముందు ఈ ఊళ్ళో ఏముందో చెప్పు. వానొస్తే నడుం లోతు బురద. ఇవాళ రోడ్డుంది, ఇంటికొకడు అక్కడ పనిచేసుకుంటున్నాడు. నేల కింద నీళ్ళు దాచుకుని ఏం చేస్తారు, మురగబెట్టుకుంటారా?"

"తాగుతాం. నీళ్ళు ఉన్నది తాగడానికి. అది కూడా నీకు నేను చెప్పాల్సొచ్చింది."

"అరవకు. వీధిలోకి వినపడుతుంది."

"వినపడనీ. నీ ట్యాంకరుతో ఊరి నీళ్ళు తోలుకుపోయావు, పోనీ అది నీ వ్యాపారం అనుకుందాం. కానీ ఆ ముసలాయన తోటని ఆయన చేత్తోనే ఎండబెట్టించావే, అది ఏ వ్యాపారం? దొంగ తలుపు పగలగొట్టి వస్తే ఊరు లేచి తరిమేది. నువ్వు మా చేతే తలుపు తీయించి, మంచి పని చేస్తున్నామని మమ్మల్ని నమ్మించావు. కొలత బాగా రావాలని పిల్లలకి స్నానాలు మానిపించారు బావా జనం. నిన్ను పెద్దమనిషి అంటారు."

"నేనేం చేశానమ్మా?" బావ గొంతు పెరగలేదు, పెరగాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు. "మైకులో ఊరు విన్నది ఎవరి గొంతు? నాదా? రేపు సభలో చెప్పుకో, మా బావ రాశాడని. మరి చదివిందెవరంటే ఏం చెప్తావ్? చదువుకున్నదానివి, ప్రెసిడెంటువి, కాగితంలో ఏముందో అడగకుండా చదివేశానంటావా? నీ మాట మళ్ళీ ఎవడైనా నమ్ముతాడా?"

అదీ దెబ్బంటే. తగలాల్సిన చోటే తగిలింది. కత్తెరమ్మ మెళ్ళో టేపును గుప్పిట్లో నలిపింది. దూరంగా నిమ్మతోటలో ఇంజను డుబుడుబుమంటూనే ఉంది.

"చదివింది నేనే" అంది చివరికి. "ముందు అదే చెప్తాను. ఇప్పుడే, అదే మైకులో చెప్తాను. అడక్కుండా చదివాను, తప్పు నాది, మోటార్లన్నీ వెయ్యండి అని. రేపు పొద్దున మళ్ళీ కొలత ఉంది బావా. మేడమ్ ఒప్పుకుంది. ఊరు ఊపిరి పీలుస్తుండగా కొలుస్తుంది. ఏం తేలుతుందో నీకూ తెలుసు."

బావ ఆవిడ వంక చూసి, తాపీగా ఫోను తీశాడు.

"ఏరా, బండి తియ్. ఆ, మొన్నటిదే. ఇప్పుడే వెళ్ళు." పెట్టేసి మళ్ళీ కప్పు అందుకున్నాడు.

తను ఇంత చెప్తుంటే ట్యాంకరు లోడు గురించి మాట్లాడుకుంటున్నాడు మనిషి. గోడకు చెప్పినా ఇంతకంటే నయం అనుకుంది కత్తెరమ్మ.

"మైకు గది తాళంచెవి ఇవ్వు."

తాళంచెవి ఇప్పటికీ ఈ ఇంట్లోనే, తలుపు పక్క మేకుకు వేలాడుతుంది. పదవి మారినా తాళంచెవి మేకు మారలేదు. ఎవరూ అడగలేదు, ఆవిడా అడగలేదు. బావ లేవలేదు, వద్దనలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. అనుమానం అక్కడే రావాల్సింది. కోపంలో ఉన్న మనిషికి రాలేదు.

మేకు దగ్గరకు ముందుగా వచ్చిన చెయ్యి అక్కది. గొట్టం వసారాలో వదిలేసి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. తాళంచెవి తీసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"నువ్వు లోపలికి వెళ్ళు" అన్నాడు బావ.

"వెళ్తాను" అంది అక్క, మొగుడి వైపు చూడకుండా. "అమ్మడూ, ఊరంతా ఆపేస్తే రెండు రోజులుగా మన ధార లావైంది. బాగుందనుకున్నాను గానీ, ఎందుకని అడగలేదు. మైకులో నీ తప్పు చెప్పేటప్పుడు ఆ మాట కూడా చెప్పు. మా మోటారు ఆగలేదని చెప్పు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో అక్క ఒక మాట ఎదురాడగా కత్తెరమ్మ వినలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి. నిలబడితే ఏడుపొస్తుందని నిలబడలేదు.

ముంగిట్లో ట్యాంకరు లేదు. తడి చక్రాల జాడ వీధిలోకి తిరిగి ఉంది. లోడుకు పోయిందనుకుంది.

పంచాయతీ ఆఫీసు మెట్లెక్కేటప్పుడు చెప్పాల్సిన మాటలు కూడదీసుకుంది. నేను మీ ప్రెసిడెంటుని. మీరు కష్టపడి నమ్మిన మాట అబద్ధం. మోటార్లు వెయ్యండి, ఇప్పుడే వెయ్యండి. అంతే చాలు. తిట్టేవాళ్ళు రేపు తిడతారు, పడాలి. పడటానికే కదా ఈ కుర్చీ. మధ్యాహ్నం నుంచీ గుండెల మీద ఉన్న బరువు ఆ మాటలతో కొంచెం దిగినట్టనిపించింది. పొలాల్లో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా వినపడేది ఈ మైకొక్కటే. తాళం తీసి, తలుపు తోసి, లైటు వేసింది.

బల్ల ఖాళీగా ఉంది.

మైకు లేదు. దాని పక్కనుండే పెట్టె లేదు. బల్ల మీద దుమ్ములో పెట్టె ఉన్నంత మేర నలుపలకలుగా శుభ్రంగా ఉంది. గోడ మీంచి తీగలు వేలాడుతున్నాయి. తాళంచెవి ఇన్నాళ్ళూ బావ మేకుకే ఉంది, ఎప్పుడో ముందే తీసుకుపోయారు.

అర్థమయ్యేలోగా వీధి చివర ఎవరో గొంతు సవరించుకున్నారు. గట్టిగా, ఊరంతా వినపడేంత గట్టిగా. కత్తెరమ్మ కిటికీ దగ్గరకు పరిగెత్తింది. ట్యాంకరు నెమ్మదిగా వస్తోంది. దాని నెత్తిన పంచాయతీ మైకు కట్టి ఉంది.

"అందరికీ నమస్కారం. నేను మీ ప్రెసిడెంటుని మాట్లాడుతున్నాను. సభ అయ్యేదాకా ఎవరూ..."

దగ్గు.

"క్షమించండి. అందరికీ నమస్కారం. నేను మీ ప్రెసిడెంటుని మాట్లాడుతున్నాను. సభ అయ్యేదాకా ఎవరూ మోటార్లు, ఇంజన్లు వెయ్యకండి. వేసినవాళ్ళు వెంటనే ఆపెయ్యండి. ఇది మన ఊరి కోసం. నా మాట నమ్మండి."

కత్తెరమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని "ఆపొద్దు తాతా" అని అరిచింది. ఆ అరుపు వీధి కూడా దాటలేదు. ఆవిడ గొంతే, అంతకు పదింతలై, ఆవిడ మీంచి పోయి పొలాల్లోకి వెళ్ళింది.

నిమ్మతోట వైపు నుంచి వస్తున్న ఇంజను చప్పుడు ఒకసారి తడబడి, ఆగిపోయింది.